మార్చిలో కావాలని తప్పిన పరీక్ష

కొలోన్,
8 మార్చి 2025.

అక్కా,

నీ ఆజ్ఞ ప్రకారం కాగితాలూ పెన్నూ కొన్నాను. "ఫోన్ల ఏమడిగినా బాగున్న అక్కా అంటవు, అయిపాయె. రాయి తమ్మీ, రాస్తెనన్న నాలుగు ముచ్చట్లు బయటపడ్తయి" అన్నావు కదా. ఇదిగో రాస్తున్నాను. నా దస్తూరి చూసి నవ్వకు. తెలుగులో ఇంత పొడుగు రాసి తొమ్మిదేళ్ళయింది.

మొదటి ముచ్చట మంచిదే. ఈ సీజను మొత్తానికి క్లబ్బు నాకు మధ్య లైన్‌బ్యాకర్ స్థానం ఇచ్చింది. ఈ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఎన్నిసార్లు చెప్పినా నువ్వు "గదేందో కోడిగుడ్డు బంతాట" అంటావు కాబట్టి మళ్ళీ చెప్తున్నాను, ఈసారి కాగితం దాచుకో. మా జట్టు రక్షణలో మూడు వరసలుంటాయి. ముందు వరసలో నూట ముప్పై కిలోల దున్నపోతులు నలుగురు. వెనక వరసలో బాగా ఉరికేవాళ్ళు నలుగురు. నడుమ మేము ముగ్గురం, ఆ ముగ్గురిలోనూ నడిమివాణ్ణి నేను. ఎదుటి జట్టువాడు బంతి చంకలో పెట్టుకుని ఉరికొస్తాడు, వాణ్ణి పడగొట్టాలి. ఎవరెక్కడ నిలబడాలో మిగతా పదిమందికీ అరిచి చెప్పేది కూడా నేనే.

ఈ స్థానానికి నేను బక్కవాణ్ణి, ఎనభై తొమ్మిది కిలోలే. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు గుద్ది పడేస్తారు. నేను గుద్దితే నేనే పడతాను. మరి కోచ్ నన్నెందుకు పెట్టుకున్నాడంటే, మన కబడ్డీ వల్లే. జనగామలో ఎడమ కార్నర్‌లో నిలబడి నేర్చుకున్నది ఒక్కటే కదా: రైడర్ చేతులు చూడొద్దు, కళ్ళు చూడొద్దు, నడుము చూడాలి. ఇక్కడా అంతే. అందరూ బంతిని చూస్తుంటే నేను ఎదుటి జట్టు ముందు వరసలో నా ఎదురుగా నిలబడ్డ గార్డు నడుము చూస్తాను. వాడి మొదటి అడుగు నేలమీద పడేలోపే బంతి ఎటు పోతుందో నాకు తెలిసిపోతుంది. ఇక వంగి తొడ పట్టు పట్టడమే. రెండు తొడలూ కలిపి కౌగిలించి ఎత్తేస్తే ఎంత లావువాడైనా పడాల్సిందే. పోయినేడు ఇరవై ఒక్కమందిని అలా పడగొట్టాను.

కోచ్‌కు ఒక్కటే నచ్చదు. పట్టేటప్పుడు నేను తల ముందుకు పెడతాను. కబడ్డీలో రైడర్‌ను గీత అందనీయకూడదు కాబట్టి వాడికి అడ్డంగా పడతాం కదా, ఆ అలవాటు. ఇక్కడ తల వాడి వెనక పక్కన ఉండాలట, లేకపోతే మోకాలు తగులుతుందట. నేర్చుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. ఈ నెల ఇరవైన తల పరీక్ష ఉంది. సీజనుకు ముందు అందరినీ కంప్యూటరు ముందు కూచోబెట్టి మాటలు చూపిస్తారు, బొమ్మలు చూపిస్తారు, కాసేపాగి ఏమేం గుర్తున్నాయో అడుగుతారు. ఆ మార్కు రాసి పెట్టుకుంటారు. తర్వాత ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే అదే పరీక్ష మళ్ళీ పెట్టి, మార్కు తగ్గిందంటే ఆట నుంచి తీసేస్తారు. అందుకని మావాళ్ళలో సగంమంది ఇప్పుడే కావాలని తప్పుతారు. మొదటి మార్కు తక్కువుంటే తర్వాత తగ్గేది ఉండదు కదా! కానీ మరీ తప్పితే యంత్రం పట్టుకుంటుందట. నువ్వు రోజూ అక్కడ జ్ఞాపకశక్తి పరిశోధనలో ముసలివాళ్ళకు పెట్టేది ఇలాంటి పరీక్షలే. ఎంతవరకు తప్పాలో కాస్త చెప్పవా?

ఊరికే అడగడం లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలిపెట్టి వచ్చాను. వీసా కూడా ఈ ఆట కాంట్రాక్టు మీదే ఉంది. సీజనంతా కూచోకుండా ఆడితే ఆగస్టు చివర రెండేళ్ళకు రాసిస్తామన్నారు.

నీ తమ్ముడు,
భార్గవ్


హైడెల్‌బర్గ్,
13 మార్చి.

భార్గవా,

నీకు సిగ్గుందా? నిన్న మా దగ్గరికి డెబ్భై ఆరేళ్ళ అవ్వ వచ్చింది. పన్నెండు మాటల్లో పది చెప్పింది. మిగిలిన రెండూ రాలేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బయటికి పోతూ తలుపు దగ్గర ఆగి ఒకటి గుర్తు తెచ్చుకుని చెప్పి, "ఇది లెక్కలోకి వస్తుందా" అని అడిగింది. అలాంటివాళ్ళ మధ్య కూచుని, వచ్చినవి రాలేదని ఎలా చెప్పాలో నీకు నేర్పాలా నేను?

ఇంత రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను.

నీకు ఇరవై ఏడు నిండాయి. ఈ ఆట ఆడితే ఇంకో నాలుగేళ్ళు. ఉద్యోగం వదిలినప్పుడు నీతో ఎంత కొట్లాడానో నాకు గుర్తుంది. కానీ వదిలాక ఒకసారి నీ ఆట చూశాను కదా, అది మరిచిపోలేకపోతున్నాను. మైదానంలో నువ్వు అరుస్తుంటే అంతంత మనుషులు నీ మాట విని జరుగుతున్నారు. చిన్నగా తల తిరిగినందుకే నిన్ను కూచోబెట్టి ఇంకొకణ్ణి తెచ్చుకుంటారేమోనని నాకూ భయమే.

అందుకని చెప్తున్నాను. వెంటనే అడిగినప్పుడు బాగానే చెప్పు. అరగంట ఆగి అడిగినప్పుడు సగం మరిచిపో. మీట నొక్కేచోట కొంచెం తాత్సారం చెయ్, కానీ అన్నిసార్లూ ఒకేలా చెయ్యకు. ఇంతే. ఈ కాగితం చించెయ్.

నిజంగా దెబ్బ తగిలితే మాత్రం డాక్టరుకంటే ముందు నాకు చెప్పాలి. ఒట్టు?

అక్క,
కౌసల్య


కొలోన్,
20 మే.

అక్కా,

పరీక్ష దివ్యంగా తప్పాను! క్లబ్బు డాక్టరు ఫోగ్ట్ నా కాగితం చూసి, "నీకు జ్ఞాపకశక్తి తక్కువే, మరి అన్ని ఎత్తులు ఎలా గుర్తుపెట్టుకుంటావు" అన్నాడు. నడుము చూసి ఆడతానన్నాను. నవ్వాడు, సంతకం పెట్టాడు.

రెండు ఆటలు అయ్యాయి. మొదటిదాంట్లో తొమ్మిది మందిని పడగొట్టాను, రెండోదాంట్లో పదకొండు. ఒకసారైతే బంతి అందుకోబోయేవాడి నడుము తిరగడం చూసి, వాడికంటే ముందు నేనే అక్కడికి పోయి నిలబడ్డాను. బంతి నా చేతిలోకి వచ్చి పడింది. ఇన్నాళ్ళు బంతిని చూడొద్దు చూడొద్దు అనుకున్నవాణ్ణి, దాన్ని పట్టుకుని ఏం చేయాలో తెలియక ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను. మావాళ్ళంతా "ఉరుకు! ఉరుకు!" అని అరిస్తే అప్పుడు ఉరికాను.

ఇంకో ముచ్చట. మా బిల్డింగులో మూడో అంతస్తులో విజయలక్ష్మి గారని ఉన్నారు, బందరు వాళ్ళు. కొడుకును వెంటబెట్టుకుని ఆటకు వచ్చారు. నేను ఒకణ్ణి పట్టి ఎత్తగానే ఆవిడ లేచి నిలబడి, "పట్టు నాయనా పట్టు! వదిలావంటే చూడు!" అని గొంతు చించుకుని అరిచారట. పక్కనున్న జర్మన్లు అర్థమడిగారు, చెప్పారట. రెండో సగంలో ఆ వరస వరసంతా "పట్టు! పట్టు!" అని ఒకటే కేక. నాకు మైదానంలో వినబడి ఒళ్ళు పులకరించింది. ఆట అయ్యాక ఆవిడ గిన్నెడు పులిహోర పంపారు. సలీమూ నేనూ నిలబడే తినేశాం. సలీమ్ ఎవరో తెలుసు కదా, నాతో ఫ్లాట్ పంచుకునే హైదరాబాదు అబ్బాయి.

ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను అక్కా. నిజం.

భార్గవ్


హైడెల్‌బర్గ్,
3 జూన్.

తమ్మీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ విజయలక్ష్మి గారి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఆదివారం ఆట ఇక్కడ కంప్యూటరులో చూశాను, నేనూ "పట్టు పట్టు" అని అరిచాను. పక్క గది ఆమె తలుపు కొట్టి ఏమైందని అడిగింది.

కానీ ఒకటి చూశాను. మొదటి సగంలో నీ తల వెనక పక్కనే ఉంది. అలసిపోయాక, చివరి పావుగంటలో, మళ్ళీ ముందుకు వచ్చేస్తోంది. మూడుసార్లు లెక్కపెట్టాను. కోచ్ చూడలేదా? ఆయన చూసి ఉంటే అనే ఉంటాడు, చూడకపోతే నేనంటున్నాను. తల వెనక్కి పెట్టు.

అక్క


కొలోన్,
15 జూలై.

అక్కా,

ఒట్టు పెట్టించుకున్నావు కాబట్టి చెప్తున్నాను. పెద్దదేం కాదు.

పోయిన శనివారం బ్రెమెన్ పోయి ఆడాం. ఆట ముగియడానికి నాలుగు నిమిషాలుంది. వాళ్ళ లావుపాటివాడు నా మీదికే వచ్చాడు. నడుము చూశాను, సరిగ్గానే పోయాను, సరిగ్గానే పట్టాను, వాడు పడ్డాడు కూడా. వాడి మోకాలు నా చెవి పైన తగిలింది. లేచాను. తర్వాతి ఎత్తు అరిచి చెప్పాను. కానీ తప్పు చెప్పానట, అది పోయినేటి ఎత్తు అట. మావాడు ఒకడు డాక్టరుకు చేయి ఊపాడు.

సోమవారం పరీక్ష పెట్టారు. పాసయ్యాను! మార్చి మార్కు కంటే రెండు ఎక్కువే వచ్చాయి. అంటే లెక్క ప్రకారం మోకాలు తగిలి నాకు తెలివి పెరిగిందన్నమాట. ఫోగ్ట్ కూడా ఆ మాటే అని నవ్వాడు. వెలుతురు చూస్తే కొంచెం ఇబ్బందిగా ఉంది, అందుకని కర్టెన్లు వేసుకుని రాస్తున్నాను. కడుపులో తిప్పింది, అది తగ్గింది. వచ్చే ఆదివారం ఆడతాను.

అమ్మకు చెప్పకు.

భార్గవ్


హైడెల్‌బర్గ్,
19 జూలై.

భార్గవా,

పాసయ్యావా? ఏం పాసయ్యావురా? కావాలని తగ్గించుకున్న మార్కు కంటే రెండు ఎక్కువ. నిజంగా నీకు రావాల్సింది ఎంతో నాకు తెలుసు. ఇంటర్‌లో ఒక్కసారి చదివి కెమిస్ట్రీ అప్పజెప్పినవాడివి. నీకు రావాల్సినదాంట్లో పావు వంతు పోయింది, ఆ సంగతి ఈ భూమ్మీద నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

కోపం అవతల పెట్టి రాస్తున్నాను, విను. మొదటి దెబ్బ మానకముందే తలకు రెండోది తగిలితే మెదడు వాచి, మైదానంలోనే పోయినవాళ్ళున్నారు. నిన్ను భయపెట్టడానికి కాదు. నేను రోజూ చదివే కాగితాల్లో ఉన్నదే.

డాక్టరు దగ్గరికి పోయి మార్చి సంగతి చెప్పు. నువ్వే చెప్పు. అక్క నేర్పిందని కూడా చెప్పు, నాకేం ఫరవాలేదు. ఒక నెల కూచోబెడతారు, అంతేగా. నీ నోటితో చెప్పాలని నేను ఆగుతున్నాను. ఫోను చేస్తే ఎత్తవేం?

అక్క


కొలోన్,
10 ఆగస్టు.

అక్కా,

ఆలస్యానికి ఏమనుకోకు. బాగున్నాను. నువ్వు ఊరికే కంగారుపడుతున్నావు. ఆ తర్వాత మూడు ఆటలు ఆడాను, ఏమీ కాలేదు. తలనొప్పి అందరికీ ఉంటుంది, ఎండలు కూడా అలాగే ఉన్నాయి. నెల కూచోబెడితే కాంట్రాక్టు ఎవరిస్తారు? ఇక్కడ కొలోన్‌లో, సొంత మైదానంలో చివరి ఆట ఇరవై నాలుగున. ఇరవై ఎనిమిదిన సంతకాలు. ఆ తర్వాత ఎన్నాళ్ళు కూచోమంటే అన్నాళ్ళు కూచుంటాను. నీకు మాటిస్తున్నాను.

అన్నట్టు నీకో ముచ్చట చెప్పనే లేదు! మా బిల్డింగులో మూడో అంతస్తులో విజయలక్ష్మి గారని ఉన్నారు, బందరు వాళ్ళు. కొడుకును వెంటబెట్టుకుని ఆటకు వచ్చారు. నేను ఒకణ్ణి పట్టి ఎత్తగానే ఆవిడ లేచి నిలబడి, "పట్టు నాయనా పట్టు! వదిలావంటే చూడు!" అని అరిచారట. పక్కనున్న జర్మన్లు అర్థమడిగి, వాళ్ళూ "పట్టు! పట్టు!" అని కేక. నీకు నచ్చుతుందని ఎన్నాళ్ళ నుంచో రాద్దామనుకుంటున్నాను. పులిహోర కూడా పంపారు.

ఈమధ్య ఎదుటివాడి నడుము కంటికి సరిగా ఆనడం లేదు. వెలుతురు వల్ల అనుకుంటా. ఊహించి పోతున్నాను, చాలావరకు సరిపోతోంది.

చివరి ఆట ఇరవై నాలుగున, సొంత మైదానంలో. నువ్వు వస్తే బాగుండు.

భార్గవ్


హైడెల్‌బర్గ్,
15 ఆగస్టు.

తమ్మీ,

ఈ ఉత్తరం నీకు అందేసరికి నిన్ను పిలిచి చెప్పేసి ఉంటారు. అయినా నా చేత్తో నేను రాయాలి.

నీ ఉత్తరం వచ్చింది. మంచి ముచ్చట అనుకుంటూ సగం చదివాక, ఇది ముందే చదివాననిపించింది. మే నెల ఉత్తరం తీసి పక్కన పెట్టుకున్నాను. అవే మాటలు. మూడో అంతస్తు, బందరు, వదిలావంటే చూడు. నాకు ఎప్పుడూ చెప్పలేదని రాశావు. సలీమ్‌కు ఫోను చేశాను. పాపం మొదట నువ్వు చెప్పమన్నదే చెప్పాడు. నేను ఏడ్చేసరికి ఆగలేకపోయాడు. "అక్కా, బుర్ర మంచిగ లేదు అక్కా ఆయనది. పొయ్యి మీద కుక్కర్ పెడ్తడు, కుక్కర్ ఏడ పెట్టినవ్ సలీమ్ అని నన్నే అడుగుతడు. బాత్రూంల లైట్ బంద్ చేసుకొని కూసుంటడు. మా అక్కకు చెప్తే నీ దోస్తీ కట్ అన్నడు" అన్నాడు. వాణ్ణి ఏమీ అనకు.

నిన్న కొలోన్ వచ్చాను. నీ దగ్గరికి రాలేదు. డాక్టరు ఫోగ్ట్ దగ్గరికి పోయాను. నువ్వు నాకు రాసిన నాలుగు ఉత్తరాలూ ఆయన బల్ల మీద పెట్టి, ఒక్కో ముక్కా జర్మన్‌లో చదివి వినిపించాను. మార్చి మార్కు అబద్ధమని చెప్పాను. "అంత కుదురుగా ఎలా తప్పగలిగాడు" అని అడిగాడు. నేను నేర్పానన్నాను. ఆయన కలం కింద పెట్టి, "మీరు ఈ రంగంలోనే పనిచేస్తారు కదా" అన్నాడు. అవునన్నాను. అంతకంటే సిగ్గుపడ్డ రోజు నా బతుకులో లేదు.

నీ గురించి నాకు ఒక్క మాట చెప్పలేదు, చట్టం ఒప్పుకోదట. నేను చెప్పింది మాత్రం రాసుకున్నాడు. లేచేటప్పుడు, ఇరవై నాలుగున నువ్వు మైదానంలోకి అడుగు పెట్టవని మాత్రం అన్నాడు.

ముందు నీకెందుకు చెప్పలేదంటావు. చెబితే నన్ను ఒప్పిస్తావు. మార్చిలో ఒప్పించావు. నువ్వు బతిమాలితే కాదనడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. అందుకే నీ ముఖం చూడకుండా రైలెక్కి వచ్చేశాను.

అక్క


కొలోన్,
25 ఆగస్టు.

కౌసల్య గారికి,

నిన్న నేను ప్రేక్షకుల్లో కూచున్నాను. నా చొక్కా ఇంకొకడు వేసుకున్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. గెలిచాం. ఎవరూ నావైపు చూడలేదు. జట్టులో సగంమందికి పరీక్ష మళ్ళీ పెడుతున్నారు, నేను పట్టించానని అనుకుంటున్నారు. ఇరవై ఎనిమిదిన సంతకాలు లేవు. వీసా సంగతి వాళ్ళకు సంబంధం లేదట.

నేర్పింది నువ్వు. పట్టించింది నువ్వు. అక్కకని రాసిన ఉత్తరాలు పరాయివాడి బల్ల మీద పరిచి చదివావు. నాలో ఏది పోయిందో, ఎంత పోయిందో లెక్కపెట్టడానికే నన్ను రాయమన్నావా? నీకు నేను తమ్ముణ్ణా, మీ దగ్గరికి వచ్చే పేషెంటునా?

రెండు వారాలు. రెండు వారాలు ఆగితే సంతకం అయ్యేది.

ఇక రాయకు. ఫోను చెయ్యకు. సలీమ్‌కు కూడా.


హైడెల్‌బర్గ్,
30 సెప్టెంబరు.

భార్గవా,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి రాస్తాను. జవాబు కోసం కాదు.

మా ప్రొఫెసరుకు అంతా చెప్పాను. ఇక మనుషులకు పరీక్షలు పెట్టే పని నాకు లేదు. పాత కాగితాలు సర్దే గదిలో కూచోబెట్టారు, మార్చిలో నా కాంట్రాక్టు అయిపోతే మళ్ళీ రాయరు. ఇది నీకు జాలి కలగాలని చెప్పడం లేదు. నీది పోగొట్టి నాది దాచుకున్నానని నువ్వు అనుకుంటావేమోనని చెప్తున్నాను.

ఉత్తరాలు బయటపెట్టినందుకు క్షమించమని అడగను. మళ్ళీ అయితే మళ్ళీ అదే పని చేస్తాను. నిన్ను రాయమన్నది లెక్కపెట్టడానికి కాదు, నీ మాట వినబడాలని. అది నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

నాకు నీ దగ్గర కావాల్సింది ఒక్కటే. క్లబ్బుతో సంబంధం లేని ఎవరైనా డాక్టరుకు చూపించుకో. పెద్ద ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి విభాగం ఉంటుంది, అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలా నెలన్నర పడుతుంది, కాబట్టి ఈ రోజే అడుగు. నాతో మాట్లాడకు, సరే. ఆ ఫోను మాత్రం చెయ్యి తమ్మీ.

అక్క


కొలోన్,
16 నవంబరు.

అక్కా,

ఈ ఉత్తరం నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను. రోజుకు కొంచెం. అరగంట దాటితే అక్షరాలు కదులుతాయి. అందుకని వంకర టింకరగా ఉంటే చదువుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజు చించలేదు, కానీ తెరవలేదు. అక్టోబరులో ఒక రోజు ట్రామ్ దిగాను. రెండేళ్ళుగా దిగే స్టాపే. దిగాక ఇల్లు ఎటో తెలియలేదు. కుడివైపా ఎడమవైపా అని నిలబడిపోయాను. కొలోన్‌లో ఎంతమంది మనుషులున్నారో నాకు ఆ రోజు తెలిసింది, అందరూ ఎటు పోవాలో తెలిసినట్టే పోతున్నారు. ఇరవై నిమిషాలకు విజయలక్ష్మి గారు కూరగాయల సంచితో కనబడి, "ఏంటి నాయనా ఇక్కడ నిలబడ్డావు" అన్నారు. మీ కోసమే ఆంటీ, సంచి మోద్దామని అన్నాను. ఆవిడ వెనకే ఇంటికి వచ్చాను. వచ్చి నీ ఉత్తరం తెరిచి, ఆసుపత్రికి ఫోను చేశాను.

మొన్న సోమవారం పరీక్ష పెట్టారు. మూడు గంటలు. అదే రకం, మాటలూ బొమ్మలూ. ఈసారి ఏ దొంగ తెలివీ లేదు. పళ్ళు బిగబట్టి చేశాను అక్కా. ఒక్కో మాటనూ మనసులో పదిసార్లు అనుకున్నాను. మధ్యలో చెమటలు పట్టి చొక్కా తడిసిపోయింది. అయ్యాక ఆ డాక్టరమ్మ, క్లబ్బు నుంచి నేను తెచ్చిన మార్చి కాగితం పక్కన పెట్టి చూపించింది. కావాలని సగం మరిచిపోయి తెచ్చుకున్న మార్కు ఉంది కదా, దానికంటే ఆరు తక్కువ వచ్చాయి.

తగ్గుతుందట. చాలామందికి ఏడాదిలో తగ్గుతుందట. అందరికీ తగ్గుతుందా అని అడిగితే, చాలామందికి అని మళ్ళీ అదే అంది. ఆగస్టులో ఇంకో దెబ్బ తగిలి ఉంటే నన్ను వేరే విభాగంలో చూసేవాళ్ళని కూడా అంది. ఆ విభాగం పేరు చెప్పింది. నేను గుర్తుపెట్టుకోలేదు, గుర్తుపెట్టుకోవాలనీ అనిపించలేదు.

నా పాత ఆటలు సలీమ్ కంప్యూటరులో పెట్టి చూపించాడు. రోజుకు పది నిమిషాలు చూడనిస్తున్నారు. గార్డు నడుము చూస్తాను. బంతి ఎటు పోతుందో ఇప్పటికీ తెలుస్తోంది. కాకపోతే బంతి పోయాక తెలుస్తోంది. తెర మీద ఉన్నవాడు మాత్రం అప్పటికే అక్కడికి పోయి నిలబడి ఉంటాడు. వాణ్ణి చూస్తే నాకు అసూయగా ఉంది.

మా జట్టువాడు ఒకడు వచ్చాడు, నాలాగే మార్చిలో తప్పినవాడు. కొత్త పరీక్షలో వాడికి కూడా ఏదో బయటపడిందట. నా చేయి పట్టుకుని కాసేపు కూచుని పోయాడు.

ఇక నీ సంగతి. నీ మీద కోపం పోలేదు. ఆగస్టులో చేసినదానికి కాదు. అది నేనే చెయ్యాల్సిన పని, నాకు చేతకాలేదు, నువ్వు చేశావు. నా కోపం మార్చిదే. అడిగింది నేనే, తెలుసు. సిగ్గుందా అని రాసి, ఆ కాగితం అక్కడితో ఆపి పోస్టు చేసి ఉంటే? తమ్ముడన్నవాడు వంద అడుగుతాడు. నువ్వు అక్కవు, వద్దనాలి కదా. ఇది నీకు చెప్పకుండా మంచిగా రాయడం నావల్ల కాలేదు.

వీసా కోసం ఏవో కాగితాలు నింపాలి, ఆరోగ్య బీమా వాళ్ళవి ఇంకో కట్ట ఉంది. పై వరస చదివి కింది వరసకు వచ్చేసరికి పైది పోతోంది. సలీమ్‌కు ఆఫీసు ఉంది, వాణ్ణి ఎంతని అడుగుతాను. శనివారం రా. నువ్వు పక్కన కూచుని చదివితే నేను సంతకాలు పెడతాను. కోపంగా ఉంటాను, మాట్లాడకపోవచ్చు, అయినా రా. అన్నం మాత్రం నువ్వే వండు, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు.

అమ్మకు నేనే ఫోను చేసి చెప్పాను. ఏడ్చింది. నిన్ను ఏమీ అనలేదు.

ఇంకేదో రాయాలనుకున్నాను, నాలుగు రోజుల కింద కూచున్నప్పుడు అదే ముఖ్యమైనది. ఆ, వచ్చింది. శనివారం నీకు వీలైతే కొలోన్ రా అక్కా. ఈ మాట పైన ఎక్కడైనా రాశానేమో, వెనక్కి పోయి చూసే ఓపిక లేదు. రాసి ఉన్నా సరే, రా.

భార్గవ్